అపార్ట్‌మెంట్‌లో చప్పుళ్ల గొడవ: మొదటి మాట నుంచి లోక్ అదాలత్ దాకా ఏ మెట్టులో ఏం చేయాలి

పైఫ్లాట్‌లో రాత్రి పదకొండుకి కుర్చీలు లాగుతారు, పక్కింట్లో తెల్లారకముందే మిక్సీ మొదలవుతుంది, సెల్లార్‌లో ఐదింటికల్లా మోటారు. ఇవి లేని అపార్ట్‌మెంట్ ఉండదు. కొన్ని బిల్డింగుల్లో ఇవే చప్పుళ్లని నవ్వుకుంటూ సర్దుకుపోతారు, కొన్నిచోట్ల లిఫ్ట్‌లో ఎదురుపడితే మొహాలు తిప్పుకుని, వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టకుండా తిట్టుకునే దాకా వెళ్తారు. తేడా ఎక్కువగా మొదటి మాట దగ్గరే వస్తుంది. "వాళ్లకి బొత్తిగా కామన్‌సెన్స్ లేదు" అని మొదలుపెట్టినవాళ్లకి ఆ గొడవ ఏళ్ల తరబడి తెగదు. "మీ డైనింగ్ కుర్చీల కాళ్లకి బుష్‌లు ఊడిపోయినట్టున్నాయండి" అని మొదలుపెట్టినవాళ్లకి చాలాసార్లు వందో రెండొందలో ఖర్చుతో అయిపోతుంది.

కాబట్టి వరుస ఇదీ: ముందు చప్పుడు చేస్తున్న వస్తువేదో పట్టుకోవాలి, తర్వాత మనిషి దగ్గరికి వెళ్లాలి, అప్పటికీ కుదరకపోతేనే అసోసియేషన్, ఆ తర్వాతే పోలీసులు, కోర్టు. హైదరాబాద్, విజయవాడల్లో మామూలుగా కనిపించే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. గేటెడ్ కమ్యూనిటీ అయితే మధ్యలో ఫెసిలిటీ మేనేజర్ ఒకడు అదనంగా ఉంటాడు, మిగతాదంతా ఇదే.

మొదటి మెట్టు: చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తల మీద చప్పుడు వినపడింది కాబట్టి పైవాళ్లదే అనుకుని మెట్లెక్కేస్తారు.

శబ్దం రెండు రకాలుగా వస్తుంది. టీవీ, మాటలు, కుక్క అరుపు లాంటివి గాల్లో వస్తాయి, కిటికీలోంచో తలుపు సందులోంచో లోపలికి దూరతాయి, కాబట్టి దిక్కు సులువుగా తెలుస్తుంది. రెండోది గుద్దుడు శబ్దం: నేల మీద ఏదో పడటం, కుర్చీ ఈడ్వడం, దంచడం, డ్రిల్లింగ్, మోటారు అదురు. మన బిల్డింగుల్లో పిల్లర్లు, బీములు, స్లాబు అన్నీ ఒకే కాంక్రీటుగా కలిసి ఉంటాయి, పైన టైల్స్ నేరుగా సిమెంటు మీద పరిచేస్తారు, మధ్యలో మెత్తటి పొర ఏదీ ఉండదు. దాంతో ఒకచోట పడిన దెబ్బ పక్కకీ, ఐమూలగా కిందికీ, ఒక్కోసారి పైకీ పోతుంది. అందుకే పైవాళ్లదే అనుకున్నది తీరా చూస్తే వాళ్ల పక్క ఫ్లాట్‌ది అవుతుంది, లేదా రెండంతస్తుల పైది అవుతుంది.

మనవాళ్ల ఇళ్లలో ఉయ్యాలనే తీసుకోండి. హాల్లో స్లాబుకి కొక్కేలు దించి ఉయ్యాల బల్ల వేలాడదీస్తారు. కొక్కెంలో గొలుసు రాసుకున్నప్పుడల్లా వచ్చే కిర్రు కిర్రు ఆ స్లాబులోంచి నేరుగా పైఫ్లాట్ నేలకి పాకుతుంది. పైనున్నవాళ్లకి అది ఎక్కడినుంచి వస్తోందో అంతుపట్టదు, ఇంకా పైవాళ్లెవరో మంచం జరుపుతున్నారనుకుని వాళ్ల మీద పడతారు. గొలుసు కొక్కేనికి నాలుగు చుక్కల నూనె, లేదా మధ్యలో ఒక నైలాన్ బుష్ పడితే పోయే చప్పుడు అది.

అలాగే "పైన పిల్లలు అర్ధరాత్రి గోళీలాడుతున్నారు" అనే ఫిర్యాదు. పిల్లలే లేని ఇంటి మీద కూడా ఈ ఫిర్యాదు వస్తుంది. చాలాసార్లు అది పైపుల్లో నీళ్ల ఒత్తిడి ఒక్కసారిగా మారినప్పుడు వచ్చే టకటక మాత్రమే. మోటారు ఆగిన వెంటనే గానీ, ఎవరో ట్యాప్ ఠక్కున కట్టేసినప్పుడు గానీ వస్తోందేమో గమనించండి. అయితే అది ప్లంబర్ పని, పక్కింటివాళ్లతో పని లేదు.

తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చప్పుడు వస్తున్నప్పుడు గోడ మీద, పైపు మీద, తలుపు ఫ్రేము మీద చెయ్యి పెట్టి చూడండి, అదురు ఎక్కడ ఎక్కువుందో తెలుస్తుంది. మెట్ల మీదకి వెళ్లి ఒక ఫ్లోర్ పైనా ఒక ఫ్లోర్ కిందా ఆగి వినండి. వాచ్‌మన్‌ని అడగండి, మోటారు ఎన్నింటికి వేస్తాడో, ఏ ఫ్లాట్‌లో కార్పెంటర్లు దిగారో అతనికి తెలిసినంతగా సెక్రటరీకి కూడా తెలియదు. అన్నిటికంటే గట్టి పరీక్ష ఒకటుంది: మీరు అనుమానిస్తున్నవాళ్లు సంక్రాంతికో దసరాకో ఊరెళ్లినప్పుడు కూడా ఆ చప్పుడు వస్తోందా?

ఒక వారం రాసి పెట్టుకోండి

ఫోన్ నోట్స్‌లో చాలు. తేదీ, టైము, ఏ చప్పుడు, ఎంతసేపు, మీరు ఏ గదిలో ఉన్నారు. "రోజూ రాత్రంతా ఒకటే గోల" అని మనకి అనిపిస్తుంది గానీ రాసి చూస్తే అది మంగళ, శుక్రవారాల్లో పదిన్నర నుంచి పదకొండు దాకా అని తేలుతుంది. అలా తేలిందంటే సగం పని అయినట్టే, ఎందుకంటే అప్పుడు అడగాల్సిన మాట చిన్నదవుతుంది.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసుకోవచ్చు, కానీ దాన్ని పట్టుకుని లాయర్‌లా మాట్లాడకండి. ఫోన్ మైకు మనుషుల గొంతు కోసం చేసింది, ఒక్కో ఫోన్ ఒక్కో అంకె చూపిస్తుంది. చప్పుడు లేనప్పుడు ఎంత, ఉన్నప్పుడు ఎంత అని తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. పది డెసిబెల్స్ పెరిగిందంటే చెవికి దాదాపు రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది, అది గుర్తుంటే చాలు. రికార్డింగ్ చేసేటప్పుడు మీ ఇంట్లోంచి మీకు వినపడేదే రికార్డు చేయండి. వాళ్ల గుమ్మం ముందు ఫోన్ పట్టుకుని నిలబడితే గొడవ ఇంకోవైపు తిరుగుతుంది.

ఏది అడగొచ్చు, ఏది వదిలేయాలి

పగటిపూట పిల్లల పరుగులు, పొద్దున్న ఏడింటికి కుక్కర్ విజిల్, పసిపిల్ల ఏడుపు, ఇంట్లో పెద్దాయన దగ్గు, ఒక్క రోజు గృహప్రవేశం. ఇవి అడిగేవి కావు. ఎవరింట్లోనైనా చావు జరిగి బంధువులు అర్ధరాత్రి దాకా వస్తూ పోతూ ఉంటే అసలు నోరెత్తకూడదు. అడగాల్సినవి రోజూ జరిగేవి, నిద్ర టైములో వచ్చేవి, కొంచెం సర్దితే ఆగిపోయేవి.

పూజలు, సుప్రభాతం, భజన, ప్రార్థన సంగతి కాస్త జాగ్రత్త. దాంట్లో ఏముంది, ఏ దేవుడిది అన్న మాట మీ నోట రాకూడదు, టైము, వాల్యూమ్, ఈ రెండే మాట్లాడండి. మీ మతంవాళ్ల ఇంటికైనా, వేరే మతంవాళ్ల ఇంటికైనా అదే మాట, అదే గొంతు. కుక్కల విషయంలోనూ అంతే: జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలు ఉండకూడదని అసోసియేషన్ నిషేధం పెట్టడానికి లేదు. కాబట్టి "కుక్కని తీసేయండి" అంటే మీరే ఓడిపోతారు, "మీరు ఆఫీసుకెళ్లాక బాల్కనీలో కట్టేస్తే నాలుగు గంటలు ఆపకుండా అరుస్తోందండి, హాల్లో వదిలి చూస్తారా" అంటే దారి దొరుకుతుంది.

రెండో మెట్టు: వెళ్లి మాట్లాడటం

చప్పుడు వస్తున్నప్పుడే వెళ్లకండి. మీరు కోపంగా ఉంటారు, వాళ్లేమో నిద్రమత్తులోనో చుట్టాల మధ్యనో ఉంటారు. మర్నాడు సాయంత్రం ఆరూ ఏడు మధ్య, లేదా ఆదివారం పదకొండింటికి, ఒక్కరే వెళ్లండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే పంచాయతీ పెట్టడానికి వచ్చినట్టుంటుంది. ఇంతకుముందు ఎప్పుడూ పలకరించని ఇల్లైతే ముందు ఎవరో చెప్పుకోండి, అది చాలామంది మర్చిపోతారు.

మాట ఇలా ఉంటే చాలు:

"నమస్తే ఆంటీ, కింద 203లో ఉంటామండి. రాత్రి పదకొండు దాటాక మీ హాల్లో కుర్చీ జరిపితే కింద మా బెడ్‌రూంలో బాగా వినిపిస్తోంది. పైనుంచి మీకు తెలిసే అవకాశం లేదు, అందుకే చెబుదామని వచ్చాను. వీలైతే ఒకసారి కిందికి రండి, పైన ఎవరినైనా కుర్చీ లాగమనండి, మీకే వినపడుతుంది."

ఆ ఆఖరి వాక్యం చాలా పని చేస్తుంది. చాలామందికి తమ ఇంట్లో చప్పుడు కింద ఎలా వినపడుతుందో నిజంగానే తెలియదు. మీ బెడ్‌రూంలో నిలబడి తల మీద గర్రుమని విన్నాక "అయ్యో, ఇంతలానా!" అంటారు. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

ఎదురు మాటలు వస్తాయి, రాకపోతేనే ఆశ్చర్యం. "పిల్లలున్న ఇల్లండీ, ఆడుకోరా మరి?" అంటే, "ఆడుకోనివ్వండి, మేమూ పిల్లలున్నవాళ్లమే. తొమ్మిదిన్నర దాటాక ఆ సైకిల్ మాత్రం పక్కన పెట్టించండి చాలు" అనండి. "అపార్ట్‌మెంట్ అన్నాక ఇవన్నీ ఉంటాయి, కష్టమైతే ఇండిపెండెంట్ ఇల్లు చూసుకోండి" అంటే, అక్కడే సమాధానం చెప్పకండి. "సరేనండి, ఒకసారి ఆలోచించండి" అని దిగొచ్చేయండి. ఈ మాట అన్నవాళ్లే రెండు రోజులకి చాప పరచడం చూశాను. జనం ముందు ఒప్పుకోరు, అంతే.

ఒక సంగతి. బ్యాచిలర్స్ ఉన్న ఫ్లాట్ అనగానే చప్పుడు వాళ్లదే అని తీర్మానించేయడం మనకి అలవాటు. నా అనుభవంలో చెప్పగానే వినేది ఆ కుర్రాళ్లే, "సారీ అన్నా" అని అప్పుడే స్పీకర్ తగ్గించేస్తారు. "మా సొంత ఫ్లాట్, మా ఇష్టం" అనే మాట వచ్చేది వేరే చోట్ల నుంచి. అద్దెకున్నవాళ్లతో సమస్య వస్తే ముందు వాళ్లతోనే మాట్లాడండి. నేరుగా ఓనర్‌కి ఫోన్ కొడితే ఇల్లు ఖాళీ చేయించడానికే చేశారనుకుంటారు, ఆ తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు.

ఎదురెదురుగా మాట్లాడటం ఇబ్బందైతే పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి, గ్రూపులో వద్దు. గ్రూపులో "కొంతమంది" అని మొదలయ్యే మెసేజ్ పెట్టారంటే ఆ కొంతమంది ఎవరో అందరికీ తెలుసు, ఇక వాళ్లు పరువు కోసం పోట్లాడతారు. కర్రతో సీలింగ్ కొట్టడం, కసికొద్దీ స్పీకర్ పెంచడం కూడా వద్దు. రేపు అసోసియేషన్ మీటింగులో "వీళ్లూ అంతే" అనిపించుకుంటారు.

మూడో మెట్టు: వస్తువుని బాగు చేయించడం

మాట కుదిరిన రోజే ఈ పని కానిచ్చేయాలి, ఆలస్యమైతే మాట చల్లారిపోతుంది.

కుర్చీలు, స్టూళ్లు, టీపాయ్: హార్డ్‌వేర్ షాపులో రబ్బరు బుష్‌లు దొరుకుతాయి, చెక్క కాళ్లకైతే అంటించే ఫెల్ట్ ముక్కలు. ఫెల్ట్ కొన్ని నెలల్లో అరిగిపోతుంది, మళ్లీ వేయాలి. నిజానికి మీరే ఒక ప్యాకెట్ కొనుక్కుని పైకి తీసుకెళ్తే అంతకంటే మంచి పద్ధతి లేదు. కొంతమందికి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, "తప్పు వాళ్లది, ఖర్చు మాదా?" అని. నిద్ర ఎవరిదో చూసుకోండి మరి.

వాషింగ్ మెషీన్ స్పిన్‌లో గదంతా అదురుతోందంటే ఎక్కువసార్లు అది లెవెల్‌లో లేదని అర్థం. నాలుగు కాళ్లూ నేలకి ఆనేలా స్క్రూలు తిప్పి, కింద రబ్బరు ప్యాడ్లు పెట్టాలి, గోడకి తగలకుండా నాలుగు వేళ్ల సందు వదలాలి. వెట్ గ్రైండర్ కింద మందపాటి రబ్బరు మ్యాట్. అల్లం వెల్లుల్లి దంచే చిన్న రోలు గ్రానైట్ ప్లాట్‌ఫాం మీద పెట్టి దంచితే ఆ దెబ్బ గోడలోకి పోతుంది, కింద పాత టవల్ నాలుగు మడతలు వేస్తే చాలావరకు తగ్గుతుంది, నేల మీద పీట వేసుకుని దంచినా సరే టవల్ ఉండాల్సిందే. పిల్లలు ఆడే చోట పజిల్ ముక్కల్లా అతుక్కునే ఫోమ్ మ్యాట్లు, ఇంట్లో జిమ్ ఉంటే డంబెల్స్ కింద మందపాటి రబ్బరు షీటు. గాలికి కొట్టుకునే తలుపుకి డోర్ స్టాపర్, ఫ్రేముకి సన్నటి రబ్బరు పట్టీ.

మోటారు సంగతి కాస్త వేరు, అది అందరిదీ. మోటారుని నేలకి నేరుగా బిగిస్తే అదురంతా స్లాబుకీ పైపుకీ ఎక్కుతుంది. మోటారు కింద రబ్బరు, పైపు మొదట్లో ఒక రబ్బరు కనెక్టర్, గోడకి పట్టే క్లాంపుల దగ్గర రబ్బరు ముక్కలు, ఇవి ప్లంబర్ ఒక్క పూటలో చేసే పనులు. ఐదింటికి వేసే మోటారు ఆరు తర్వాత వేయమని వాచ్‌మన్‌కి చెప్పే ముందు కమిటీలో మాట్లాడండి, నీళ్ల టైమింగు మారిస్తే ఇంకో నాలుగు ఇళ్లు మీ మీద లేస్తాయి. రాత్రి తొమ్మిదికే ట్యాంకు నింపుకోవడం చాలాచోట్ల పనిచేస్తుంది.

మీ వైపు నుంచి చేసుకునేవి తక్కువే. రోడ్డు గోల, పక్కింటి టీవీ లాంటివి కిటికీ రబ్బర్లు మార్చినా, మందం గ్లాసు వేసినా తగ్గుతాయి. పైనుంచి వచ్చే గుద్దుడుకి మాత్రం కర్టెన్లు, గోడకి అంటించే ఫోమ్, కోడిగుడ్ల ట్రేలు ఏవీ పనికిరావు. ఫాల్స్ సీలింగ్‌లో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే దూది లాంటి పొర) వేయించినా డబ్బుకి తగ్గ ఫలితం రావడం కష్టం, ఆ చప్పుడు గోడల్లోంచి కూడా దిగుతుంది కాబట్టి. దాన్ని పుట్టినచోటే ఆపాలి.

నాలుగో మెట్టు: అసోసియేషన్

రెండుసార్లు మర్యాదగా చెప్పినా మారకపోతే సెక్రటరీకి రాసి ఇవ్వండి. నోటిమాట వద్దు, ఒక మెయిలో కాగితమో ఉండాలి, మీరు రాసుకున్న తేదీలు, టైములు అందులో పెట్టండి. "403 వారి ఫ్లాట్ నుంచి ఈ తేదీల్లో రాత్రి 10.30 తర్వాత స్పీకర్ శబ్దం వస్తోంది, రెండుసార్లు స్వయంగా వెళ్లి చెప్పాము, రాత్రి 10 తర్వాత శబ్దం బయటికి రాకుండా చూడమని కోరుతున్నాము." ఇంతే. వాళ్ల పెంపకం, వాళ్ల ఊరు, వాళ్ల ఇంటికి వచ్చేపోయేవాళ్లు, ఇవేమీ రాయకండి. ఇంకో ఇల్లు కూడా ఇబ్బంది పడుతుంటే వాళ్ల సంతకం చేర్చండి, ఒక ఫ్లాట్ చెబితే "వాళ్లిద్దరి గొడవ" అని వదిలేస్తారు.

ఫలానా మనిషి మీద చర్య కంటే అందరికీ వర్తించే రూలు తెప్పించుకోవడం తేలిక. ఇంటీరియర్ పనులకి పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకే, ఆదివారం డ్రిల్లింగ్ లేదు, పని మొదలుపెట్టే ముందు డిపాజిట్, టెర్రస్ మీద ఫంక్షన్ అయితే పదికి స్పీకర్ బంద్. జనరల్ బాడీలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి. జరిమానా వేయాలంటే బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, దానికి చోటుండాలి. నీళ్లు, కరెంటు ఆపేస్తామని బెదిరించే కమిటీలు ఉన్నాయి, ఆ దారిలోకి వెళ్లనివ్వకండి, కేసు తిరిగి అసోసియేషన్ మీదే పడుతుంది.

ఐదో మెట్టు: పోలీసులు, చట్టం

దేనికి చట్టం గట్టిగా ఉంది, దేనికి లేదు అనేది ముందే తెలుసుకుంటే మంచిది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6. ఆ టైములో లౌడ్ స్పీకర్లు, డీజే, డప్పులు, వాద్యాలు బయట మోగకూడదు. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు, టపాసులు కూడా కుదరవు. రాత్రి లౌడ్ స్పీకర్ల విషయంలో సుప్రీంకోర్టు 2005లో గట్టిగానే చెప్పింది.

కాబట్టి టెర్రస్ మీద పన్నెండింటికి డీజే అయితే ఆలోచించకుండా 100కో 112కో ఫోన్ చేయండి. అడ్రస్, ఫ్లోరు, ఎప్పటినుంచి మోగుతోంది, ఇంకా మోగుతోందా, ఈ నాలుగూ చెప్పండి. పెట్రోలింగ్ వాళ్లు వచ్చేసరికి ఆపేస్తే ఆపేశారు, మీకు కావాల్సింది అదే కదా. ఫోన్ చేసిన టైము మాత్రం రాసి పెట్టుకోండి.

పైవాళ్ల అడుగుల చప్పుడుకి ఈ నియమాలు అంతగా పనికిరావు. ఆ 55, 45 అనేవి కొంతసేపటి సగటు అంకెలు. రాత్రి రెండింటికి ఒక్కసారి ధడేల్‌మని ఏదో పడితే మీరు లేచి కూర్చుంటారు, సగటులో అది కనపడను కూడా కనపడదు. భారతీయ న్యాయ సంహిత 270, 292 సెక్షన్ల కింద పబ్లిక్ న్యూసెన్స్ ఉంది గానీ శిక్ష వెయ్యి రూపాయల వరకు జరిమానా, పైగా చుట్టుపక్కల జనానికి ఇబ్బంది అని చూపించాలి, ఒక్క ఇంటి బాధ దాంట్లోకి సరిగ్గా ఇమడదు. నాలుగైదు ఇళ్లు కలిస్తే మాత్రం బలం ఉంటుంది.

ఇంకా తెగకపోతే

ఒక్క ఇంటి బాధకి దారి సివిల్ కోర్టు, ఇంజంక్షన్ ఆర్డరు, అంటే ఆ చప్పుడు ఆపమని కోర్టు ఇచ్చే ఆదేశం. ఏళ్లు పడుతుంది, రోజూ మొహం చూసుకునే మనిషి మీద కేసు నడపడం అంత టెన్షన్ ఇంకోటి ఉండదు. దానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. వాళ్లు రెండు వైపులా పిలిచి కూర్చోబెడతారు, రాజీ కుదిరి సంతకాలు పెడితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. వివరాలకి 15100 నంబరు ఉంది. అక్కడికి పోయేటప్పుడు మీ నోట్స్, అసోసియేషన్‌కి ఇచ్చిన లెటరు, దాని జవాబు, పోలీసులకి ఫోన్ చేసిన టైములు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకెళ్లండి. ఇంట్లో పేషెంటు ఉంటే డాక్టరు కాగితం కూడా.

కంప్లైంట్ మీ మీదే వస్తే

ఇది కూడా చదవండి, ఎందుకంటే మన పైన ఒక ఇల్లుంటే మన కింద కూడా ఒకటుంటుంది. ఎవరైనా వచ్చి చెప్పగానే "మేం కాదండి" అనడం అందరికీ వచ్చే మాట, దాన్ని కాస్త ఆపి "ఏ టైములో, ఏ గదిలో వినపడుతోందండి?" అని అడగండి. కిందికెళ్లి వినండి. మీది కాదని తేలితే ఎవరిదో కనుక్కోవడంలో సాయం చేయండి, లేకపోతే ఆ అనుమానం మీ మీదే ఉండిపోతుంది. నైట్ షిఫ్ట్ కాల్స్ ఉన్నవాళ్లు రెండు ఇళ్లకీ కామన్ గోడ ఉన్న గదిలో కూర్చోకుండా ఇంకో గదికి మారితే ఖర్చు లేకుండా పనైపోతుంది.

ఇంటీరియర్ పని పెట్టుకుంటే మాత్రం వాళ్లొచ్చి అడిగేదాకా ఆగకండి. మొదలయ్యే రెండు రోజుల ముందే పైన, కింద, పక్కన ఉన్న ఇళ్లకి మెసేజ్ పెట్టండి: పని ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, గోడలు కొట్టేది ఏ రెండు రోజులు, మధ్యాహ్నం పడుకునే పసిపిల్లలు గానీ, పరీక్షలకి చదివేవాళ్లు గానీ ఉంటే ఏ గంటలు ఆపమంటారో చెప్పమని. కార్పెంటర్ చెప్పిన తారీఖుకి ఇంకో పది రోజులు కలిపే రాయండి, వాళ్లెప్పుడూ చెప్పిన రోజుకి ముగించరు.